జ్వలంతీపురపు చల్లరాళ్ళు

జ్వలంతీ దేశంలో కొదవ లేనిది ఎండ ఒక్కటే. అక్కడ పొద్దు పొడిచీ పొడవకముందే కాకులు నీడ వెతుక్కుంటాయి. మిట్టమధ్యాహ్నం కోట బురుజుల మీది ఇత్తడి కలశాలు ముట్టుకుంటే అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. అలాంటి దేశాన్ని ఏలే ఉగ్రబాహు మహారాజుకు, పదకొండు దేశాల రాజులు వచ్చి దిగడానికి వెయ్యి గదుల విడిది కట్టించాలని బుద్ధి పుట్టింది. పుట్టనీ, కట్టుకోనీ, ఎవరొద్దన్నారు? ఆ ఏడు నీళ్ళు లేక ఎన్ని పల్లెల్లో పొయ్యి వెలగలేదో అడిగిన పాపాన మాత్రం ఆయన పోలేదు.

విడిది లేచింది. గంధపు దూలాలు, పగడపు రంగు స్తంభాలు, నెమలికంఠం రంగు అద్దాలు పొదిగిన కిటికీలు, ప్రతి గది ముందూ పన్నీటి తొట్టి. లోపల అడుగుపెట్టినవాడు నోరు తెరిచి పైకే చూసేవాడు. పైకి చూస్తే అంతా స్వర్గమే. చిక్కంతా కిందే ఉంది. జ్వలంతిలో అతిథి ఎంతటివాడైనా చెప్పులు గుమ్మం బయటే విడవాలి, అది తాతల నాటి ఆచారం. ఆ సంగతి తెలిసి కూడా ఆస్థాన స్థపతి శంఖపాలుడు, ముఖం చూసుకోవచ్చన్న ముచ్చటకొద్దీ, నున్నగా మెరిసే నల్లరాయి పరిపించాడు. మకరద్వీపం రాయబారి చెప్పులు విడిచి ముంగిట్లో నలభై అడుగులు నడిచాడో లేదో, పెనం మీద కాలు పెట్టినట్టు ఎగిరి, పన్నీటి తొట్టిలో దూకి కూర్చున్నాడు. రాజుగారి పరువు పోయింది. శిక్ష ఎవరికి పడింది? రాయి ఎంచిన శంఖపాలుడికా? కాదు, మోసి పరిచిన కూలీలకు. తలకు ఇరవై కొరడా దెబ్బలు. వాళ్ళు మెరుపు అడిగారా, నలుపు అడిగారా?

తర్వాత దండోరా వేయించారు. మండుటెండలోనూ చల్లగా ఉండే రాయి పదివేల పలకలు కావాలి, అన్నీ ఒకే కొలతకు ఉండాలి: నాలుగు మూరల పొడవు, రెండు మూరల వెడల్పు, బెత్తెడు మందం. వెంట్రుకవాసి తేడా వచ్చినా తీసుకునేది లేదని శంఖపాలుడు చాటించాడు. కొండకు ఈ కొలతలు ఎవరు చెప్పాలో ఆయనే చెప్పాలి.

దండోరా వేసిన పదోనాటికి హిమగుప్తుడనే వర్తకుడు వచ్చాడు. మంచు రంగు పట్టు అంగరఖా, చెవులకు చంద్రకాంత మణులు, చేతిలో వెండి కమండలం. అంత ఎండలో నడిచి వచ్చినా ముఖాన ఒక్క చెమటబొట్టు లేదు. రాయి తెచ్చే పూచీ తనదేననీ, అందుకు దక్షిణాన నాపగుట్ట చుట్టూ ఉన్న ఏడూళ్ళూ, వాటిలో ఉన్నదంతా తనకు రాసివ్వాలనీ అడిగాడు. రాజు చదవకుండానే ముద్ర వేశాడు. నెల తిరగకుండా రెండు వేల పలకలు బండ్లమీద దిగాయి. వెన్నెల రంగు రాయి. నట్టెండలో చెంప ఆనించినా చల్లగా ఉంది.

ఇక గట్టన్న సంగతి. గట్టన్న నాపగుట్ట రాతిగని మనిషి, ఇరవై ఆరేళ్ళవాడు. రాళ్ళను పరీక్షించడానికి మూడు నెలల కిందట కోటకు పిలిపించుకున్నారు. తల్లీతండ్రీ లేని వాణ్ణి అక్క ఓబులక్క సాకింది, ఉలి పట్టడం నేర్పింది. గనిలో నలభైమందికి ఆమే మేస్త్రి. హిమగుప్తుడి రాయిని గట్టన్న సుత్తితో తట్టాడు, ఖంగుమంది. నిమ్మరసం పిండాడు, సున్నపురాయిలా పొంగలేదు. మధ్యాహ్నం వెన్నముద్ద పెట్టి చూశాడు, కరగలేదు. ఒక్కటే తేడా కనబడింది. కొండలో పుట్టిన ఏ రాయికైనా పడక ఉంటుంది. అంటే అది కొండలో ఏ వాటున పడుకుని ఉండేదో దాని పొరలే చెబుతాయి. ఆ వాటునే చీలుతుంది, ఆ వాటునే పరవాలి. ఈ రాయికి పడక లేదు. పడక లేని రాయి ఎటు కొట్టినా సమంగా చీలుతుంది కదా అని, రాళ్ళు కొట్టేవాడికి అంతకంటే ఏం కావాలని, మురిసిపోయి మంచి రాయని చెప్పేశాడు. పడక లేనిది రాయే కాదని ఎనిమిదేళ్ళప్పుడు అక్క చెప్పిన మాట కోటలో నెయ్యి కలిపిన అన్నం తింటూ మరిచిపోయాడు. వాణ్ణి తిట్టాలంటే నాకూ నోరు రావడం లేదు గానీ, తిట్టాల్సిందే.

పున్నమి నాలుగు రోజులుందనగా, మిట్టమధ్యాహ్నం, విడిది వెనక మైదానంలో పనికి ముహూర్తం పెట్టారు. రెండు వేల పలకలు నిలువునా వరుసలు తీరి, కర్రదుంగల మీద నిలబెట్టి ఉన్నాయి. నడవాల కోసం వాటిని రెండేసి ముక్కలుగా చీల్చాలి. ఎత్తైన అరుగు మీద, ముత్యాల కుచ్చుల గొడుగు కింద, ఉగ్రబాహు మహారాజు కూర్చున్నాడు. పక్కన సేనాపతి, హిమగుప్తుడు. కింద కొలకర్ర పట్టుకుని శంఖపాలుడు. మొదటి దెబ్బ గట్టన్నది.

గట్టన్న ముందు వరుసలో ఒక పలక అంచున మేకు బిగించాడు. నాపగుట్టలో మేకు మీద దెబ్బ వేసేముందు రాయిని మూడుసార్లు తట్టి, లోపలుండేటోళ్ళు లేసి పోండి అని పిలుస్తారు. సందుల్లో పామో తేలో ఉంటే పోతుందని. మూడు ఊపిర్లు ఆగి అప్పుడు కొడతారు. రాజుగారి శిల్పులు ఇది చూసి కిసుక్కుమన్నారు. గట్టన్న పట్టించుకోలేదు. మూడుసార్లు తట్టి, పిలిచి, ఆగాడు.

లోపలి నుంచి నాలుగు దెబ్బలు వినిపించాయి.

బండకు అవతల ఒక గుంపు, ఇవతల ఒక గుంపు పనిచేసేటప్పుడు కేకలు వినబడవు. అందుకని నాపగుట్ట వాళ్ళు తట్టి మాట్లాడుకుంటారు. నాలుగు దెబ్బలంటే, కొట్టొద్దు, మనిషి ఉన్నాడని. ఆ నాలుగు దెబ్బల్లో రెండోదానికీ మూడోదానికీ మధ్య చిన్న ఆగుడు ఉంది. ఎడమచెయ్యి మణికట్టు బండ కింద నలిగినప్పటి నుంచీ ఓబులక్క అలాగే తడుతుంది. గట్టన్న సమ్మెట పక్కన పడేశాడు. పలకకు చెవి ఆనించి, “అక్కా, నువ్వేనా? ఔనంటే రెండు తట్టు,” అన్నాడు. లోపల రెండుసార్లు తట్టింది.

ఏడవడానికి తీరిక లేదు. మేకు ఊడబెరికి అవతల పారేసి, రాజు ముందుకు పరుగెత్తి, పని ఆపించమని అరిచాడు. ఇవి రాళ్ళు కావనీ, తన ఊరి జనమనీ, మేకు దిగితే చస్తారనీ చెప్పాడు. వీడికి వడదెబ్బ తగిలిందని శంఖపాలుడు నవ్వి, ఇంకో శిల్పిని మేకు తీసుకోమన్నాడు. గట్టన్న ఆయన మాట వినిపించుకోలేదు. వెనక్కి తిరిగి, సమ్మెట ఎత్తి, పనిముట్ల కోసం నేలమీద పరిచిన ఇనపరేకు మీద దిక్కులు అదిరేలా మూడుసార్లు మోదాడు.

రెండు వేల పలకలూ బదులిచ్చాయి. వరుస వెంట వరుస, నాలుగేసి దెబ్బలు. ముసలివాళ్ళ చేతులు, పిల్లల చేతులు, బలమైనవి, నీరసించినవి. కొట్టొద్దు, మనిషి ఉన్నాడు. సేనాపతి గుర్రం తాడు తెంపుకోబోయింది. గొడుగు ముత్యాల కుచ్చులు గలగలలాడాయి. ఇక అక్కడ తెలియదని బొంకడానికి ఎవరికీ సందు లేదు.

అందరూ రాజుకేసి చూశారు. రాజు హిమగుప్తుడికేసి చూశాడు. హిమగుప్తుడు కమండలం అటునుంచి ఇటు మార్చుకుని, తప్పు చేసిన జాడైనా లేకుండా చేతులు జోడించాడు.

“మహారాజా, ఆ ఏడూళ్ళూ అందులో ఉన్నదంతా నాకు రాసిచ్చింది మీరే. ఉన్నది వాడుకున్నాను. పుట్టినప్పటినుంచీ వాళ్ళు కార్చిన చెమటంతా ఇప్పుడు లోపలే ఉండిపోయింది. మీరు మెచ్చుకున్న చల్లదనం అదే.”

విన్నారా? వాడు మాంత్రికుడు, వాడి నోట ఆ మాట రావడంలో వింత లేదు. నన్ను దహించేది ఆ తర్వాత జరిగింది. మహారాజు గడ్డం నిమురుకున్నాడు. రెండు వేల ప్రాణాల దేవుడు ఆ అరుగు మీద కూర్చున్నాడు, ఏం సెలవిస్తాడో అని మైదానమంతా చెవులు రిక్కించింది.

“వీళ్ళు మళ్ళీ మనుషులైపోతే మా విడిది నేల ఏం కాను?” అని అడిగాడు రాజు.

ఆ భయం అక్కర్లేదని హిమగుప్తుడు అభయమిచ్చాడు. ఉత్తరాన నీలిలోయలో శీతలగుండం ఉంది. దాని పైనీళ్ళు మనిషిని రాయిగా మారుస్తాయి. అడుగునీళ్ళు ఆ రాయిని తిరిగి మనిషిని చేస్తాయి. అడుగు తాకి పైకి వచ్చిన మొనగాడు ఇప్పటిదాకా పుట్టలేదు. పైగా పున్నమి దాటితే లోపలి ఊపిరి కూడా ఆగి, ఈ తట్టుడు గొడవ లేకుండా అచ్చమైన రాయే అయిపోతుంది. అతిథులకు నిద్రాభంగం ఉండదు.

రాజు ముఖం తేటపడింది. అయితే చీల్చవద్దని ఆజ్ఞాపించాడు. పలకలు పలకలుగానే పరచమన్నాడు. ప్రజలంటే తమకు దయ అనీ, కళ్ళెదుట నరకడం చూడలేమనీ అన్నాడు. ఆ దయ ఎంతసేపుంది? మిగిలిన ఎనిమిది వేల పలకలకు తూర్పున ఉప్పుమడుల పల్లెలు సరిపోతాయా అని అదే ఊపిరిలో సేనాపతిని అడిగాడు. సేనాపతి తల వంచుకుని, సరిపోవచ్చు ప్రభూ, అన్నాడు. ఆ తల ఎందుకు వంగిందో, మొలకు ఆ కత్తి ఎందుకు వేలాడుతోందో ఆయన్నే అడగాలి.

గట్టన్న సమ్మెట భుజానికెత్తుకున్నాడు.

“మారాజా, మా అక్క మీద మీ సుట్టాలు కాళ్ళు పెట్టి నడిసేదానికి నేను ఒప్పను. ఈ బండల్లో ఒక్కదాన్ని కదిలిస్తే, కదిలించినోడి తల ఉండదు. నువ్వైనా సరే.”

పట్టుకోమన్న కేక వెలువడేసరికి గట్టన్న అరుగు మెట్ల మీద ఉన్నాడు. అడ్డొచ్చిన ఈటెను సమ్మెట పిడితో విరిచాడు. ఇంకొకడి డాలు మీద వేసిన దెబ్బకు డాలు వంగి, వాడు మెట్లన్నీ దొర్లాడు. హిమగుప్తుడు పెదవులు కదిలించి కమండలం లోంచి పుడిసెడు నీళ్ళు విసిరాడు. గట్టన్న వంగాడు. నీళ్ళు వెనకాల వస్తున్న ఇద్దరు భటుల మీద పడ్డాయి. కెవ్వుమని అరవబోయిన నోళ్ళు అలాగే నున్నబడిపోయాయి, కాళ్ళు చేతులు లోపలికి ముడుచుకున్నాయి, మరుక్షణం మెట్ల దిగువన రెండు వెన్నెల రంగు పలకలు నిలబడ్డాయి. నాలుగు మూరలు, రెండు మూరలు, బెత్తెడు. మాంత్రికుడి కొలత తప్పలేదు.

భటులంతా వెనక్కి తగ్గారు. గట్టన్న పలకల వరుసల మధ్య పరుగు తీశాడు. ఒక్కదానికీ భుజం తగలనివ్వకుండా, పక్కకు తిరిగి, ఊపిరి లోపలికి లాగి, సందుల్లో దూరిపోయాడు. హిమగుప్తుడు రాళ్ళ మీది నుంచి గాలిలో తేలుతూ వెంటపడ్డాడు. పుడిసెడు నీళ్ళు పడ్డచోట గడ్డిపోచలు రాతిపోచలై విరిగాయి. ఎగిరే పిచ్చుక ఒకటి గులకరాయిలా రాలింది. గట్టన్న విడిది గోడ చేరి పరంజా ఎక్కాడు, మూడో అంతస్తుకు. కింద అరుగు, అరుగు మీద రాజు, మధ్య గాలిలో హిమగుప్తుడు. కమండలం ఎత్తి, ఈసారి తప్పదన్నట్టు మాంత్రికుడు చల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక గట్టన్నకు ఇంకేం కనబడలేదు. రెండు చేతులా సమ్మెట తిప్పి, ఉన్న కోపమంతా పెట్టి విసిరాడు.

సమ్మెట కమండలానికి తగిలింది. వెండి చీలి, కమండలం గిరగిర తిరుగుతూ వెళ్ళి అరుగు మీద పడింది. మిగిలిన నీళ్ళన్నీ గొడుగు మీదుగా మహారాజు మీద ఒలికిపోయాయి. ఆయన అప్పటికి ఏదో ఆజ్ఞ ఇస్తున్నాడు. ఆజ్ఞ సగంలో ఆగింది. సింహాసనం విరిగి, ఒక పలక మెట్ల మీదుగా జారుకుంటూ వచ్చి, మొదటి వరుస పక్కన దుంగల మీద ఆగింది.

హిమగుప్తుడు పెట్టిన కేకకు విడిది కిటికీల అద్దాలు పగిలాయి. పట్టు అంగరఖా చిరిగి రెక్కలైంది, ముక్కు కొంకి తిరిగింది. తాటిచెట్టంత రాబందై, పగిలిన కమండలాన్ని గోళ్ళతో తన్నుకుని వాడు పైకి లేచాడు. ఆ రెక్కల విసురుకు మైదానంలోని రాతిపొడి అంతా సుడి తిరిగి లేచింది. చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని అందరూ నేలకు కరుచుకున్నారు. రాతిపొడిలో పుట్టి పెరిగినవాడు అక్కడ ఒక్కడే. గట్టన్న పరంజా తాడు పట్టుకుని జర్రున దిగి, తలగుడ్డ ముక్కుకు చుట్టుకుని, కళ్ళు మూసుకుని, గడ్డపార అందుకున్నాడు.

దుంగ మీద నిలబడ్డ పలకను గడ్డపారతో తోయడం నాపగుట్టలో పదేళ్ళవాడికి కూడా తెలుసు. రాజుగారి పలకను వరుసలోకి తోశాడు. దాని ముందు పలకను వెనక్కి, వెనక పలకను పక్క వరుసకు, ఆ పక్కదాన్ని ఇటు. భటుల పలకలు రెంటినీ ఎటు తోశాడో వాడికే తెలియదు. అక్క ఉన్న పలక అంచు మేకు గాటు చేతికి తగిలింది. ఆ ఒక్కదాన్నీ కదిలించకుండా, మిగతావన్నీ చేతిసత్తువ ఉన్నంతసేపు కలిపేశాడు. రెక్కల చప్పుడు ఉత్తరానికి దూరమైంది. పొడి మెల్లగా కిందికి దిగింది.

అరుగు మీద విరిగిన సింహాసనం, తడిసిన గొడుగు. రాజు లేడు. రెండు వేల మూడు పలకలు వరుసల్లో నిలబడి ఉన్నాయి.

సేనాపతి కత్తి దూసి, ఏది, ఏ పలక, అని అడిగాడు. శంఖపాలుడు కొలకర్ర పట్టుకుని పరుగెత్తాడు. మొదటిది కొలిచాడు, నాలుగు మూరలు. రెండోది, నాలుగు మూరలు. ఇరవై దాకా కొలిచి, ఇరవై ఒకటోదాని ముందు కూలబడి, కొలకర్ర విసిరికొట్టి తలపట్టుకున్నాడు. గట్టన్న గడ్డపార మీద చెయ్యానించి రొప్పుతున్నాడు.

“వెంట్రుకవాసి తేడా ఉండకూడదని అడిగింది మీరే కదా సామీ,” అన్నాడు. “ఏ బండలో మీ రాజు ఉండాడో నాకూ తెలీదు. తెలిస్తే కొట్టి సెప్పిస్తారని కండ్లు మూసుకుని తోసినా.”

సేనాపతి కత్తి మొన వాడి గొంతు దాకా వచ్చింది. గట్టన్న కదల్లేదు. తనను నరికితే శీతలగుండంలో దిగేదెవరో, నువ్వు దిగుతావేమో చెప్పమన్నాడు. సేనాపతి కత్తి దించాడు. అడుగునీళ్ళు తాను తెస్తాననీ, తెచ్చి మొదటి వరుస నుంచి ఆఖరి వరుస దాకా ఒక్కటీ వదలకుండా అన్నిటి మీదా చల్లుతాననీ, రాజు ఎక్కడ లేవాలో అక్కడే లేస్తాడనీ గట్టన్న చెప్పాడు. ఈలోపల ఒక్క పలక పగిలినా, అది మహారాజు కాదని ప్రమాణం చెయ్యగలవాడు ఎవడైనా ఉంటే ముందుకు రమ్మన్నాడు. ఎవడూ రాలేదు.

ఆ తర్వాత చూడాలి వాళ్ళ భక్తి! పొద్దున ఆ పలకలకు వీపు ఆనించి కూర్చుని చద్దన్నం తిన్న భటులే చెప్పులు విడిచి చేతులు జోడించారు. శంఖపాలుడు తన ఉత్తరీయంతో ఒక పలక మీది దుమ్ము తుడిచి, అది కాకపోతే అని భయపడి పక్కదాన్ని, దాని పక్కదాన్ని కూడా తుడుచుకుంటూ పోయాడు. కోటలోని గొడుగులన్నీ తెప్పించి, చాలక పట్టు పరదాలు చింపి, రెండు వేల మూడు పలకలకూ నీడ పట్టమని సేనాపతి ఆజ్ఞాపించాడు. తరతరాలుగా ఎండలో మాడిన నాపగుట్ట జనానికి రాజుగారి గొడుగు దొరికింది. రాజు తమలో ఒకడిగా ఉన్నాడన్న అనుమానం కొద్దీ దొరికింది, లేకపోతే దొరికేది కాదు. ఆ మాట వాళ్ళ ముఖాన ఉమ్మేసినట్టు చెప్పి, గట్టన్న సేనాపతి గుర్రాన్నే ఎక్కి, గుండంలో దిగడానికి మోకు చుట్ట జీనుకు కట్టుకున్నాడు.

ఉత్తరద్వారం దాటి మూడు క్రోసుల దూరం గుర్రం గాలిలా పోయింది. అంతలో నేలమీద రెక్కల నీడ పరుచుకుంది. పైనుంచి ఒకే ఒక్క చుక్క, పగిలిన కమండలం అడుగున మిగిలిన చుక్క, గుర్రం ముంగాలి మీద రాలింది. డెక్క రాయైంది, మోకాలు రాయైంది. గట్టన్న ఎగిరి ఇసుకలో పడి, మోకు చుట్ట భుజాన వేసుకుని, పున్నమి దాటకముందే అడుగునీళ్ళు తేవాలని, కాలే ఇసుక మీద వట్టికాళ్ళతో నీలిలోయకేసి పరుగెత్తాడు.